పదకొండో పేజీ

లాండ్రోమాట్‌లో నాలుగో డ్రైయర్ మీద
కాగితాలు పరిచాను, అక్కడ వెచ్చగా ఉంటుందని.
లోపల నోయె జెర్సీ
దబ్బున అద్దానికి తగిలి జారిపోతోంది, మళ్ళీ లేస్తోంది.

మొదటి పేజీలో నీలం లారీ బొమ్మ.
మెట్టు మీద నా వయసు ఆడమనిషి నవ్వుతోంది.
అంత తెల్లని పళ్ళున్న మనిషికి
ఈ ఉద్యోగంతో పనేమిటో.

రెండో పేజీలో, శిక్షణ ఉచితం.
నాలుగో పేజీలో, మోటల్ గది, ఇద్దరికి ఒకటి.
పదకొండో పేజీకొచ్చేసరికి అక్షరాలు చీమలైపోయాయి:
ఏడాది నిండకుండా తాళాలు తిరిగిచ్చేస్తే
ఆరువేల రెండొందల డాలర్లు కట్టాలి.
ఉచితం అన్న మాట
పది పేజీలు నడిచి అప్పయింది.

చక్కెర ఫ్యాక్టరీ గేటుకి గొలుసు పడి ఐదు నెలలు.
మా నాయనమ్మ ఈ నెబ్రాస్కా మట్టిలో
పొట్టి పారతో నడుం వంచి బీట్ దుంపలు తవ్వింది.
నేను పంతొమ్మిదేళ్ళు వాటిని కడిగే బెల్టు పక్కన నిలబడ్డాను.
నిలబడడమే మా ఇంటికి ప్రమోషన్.
ఇప్పుడు కూర్చోమంటున్నారు,
రోజుకి పదకొండు గంటలు.

చలికాలమంతా ఊరికి కుళ్ళిన తీపి వాసన ఉండేది.
ఈ ఏడు గాలి శుభ్రంగా ఉంది.
అందరూ ఆ శుభ్రతని తిట్టుకుంటున్నారు.

ఫోన్లో రిక్రూటర్ అమ్మాయి
నా పేరు మూడుసార్లు పిలిచింది, మూడుసార్లూ తప్పుగానే.
ఎలిండా గారూ, శుక్రవారంలోగా చెప్పండి.
ఎర్లిండా అని దిద్దలేదు.
ట్రైనర్‌గా ఆడమనిషి దొరుకుతుందా అని మాత్రం అడిగాను.
దొరుకుతుంది, కాస్త ఆగాలి, అంది.
ఎంతకాలం?
లైన్లో కాసేపు సంగీతం వినిపించింది.

ఫిల్టర్లు దులుపుతూ వెర్లిన్ ముసలాయన
కాగితాల మీద పడ్డ దూది ఊదాడు.
ముప్పయ్యేళ్ళు లారీ తోలినవాడు. ఏమైనా చెప్తాడేమోనని చూశాను.
"మగాళ్ళయితే సీసాలో పోసుకుంటారు," అన్నాడు,
"ఆడవాళ్ళకి ఏం నేర్పుతారో నాకు తెలీదు."
తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.
"ముందుకి ఎవడైనా తోలతాడు.
వెనక్కి పెట్టడం వచ్చా నీకు?"

గ్యాస్ బిల్లు వెనక లెక్క వేశాను.
ఇరవయ్యొక్క రోజులు రోడ్డు మీద, రెండు రోజులు ఇంట్లో.
నోయె బడి ముగిసేలోగా
వాణ్ణి చూసేది నలభై ఏడు రోజులు.
కూడిక తప్పేమోనని మళ్ళీ వేశాను.
నలభై ఆరు వచ్చింది.

"వెళ్ళమ్మా, ఇల్లంతా నాదే," అన్నాడు వాడు నవ్వుతూ.
రాత్రి స్నానాల గది తలుపు అవతలి నుంచి మాత్రం అడిగాడు:
"ఏ రోజు వస్తావో వాళ్ళు ముందే చెప్తారా?"

ఆదివారం తమ్ముడి గుర్రాల ట్రైలర్
పికప్‌కి తగిలించుకుని
ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాకి వెళ్ళాం.
బట్టల బుట్టలు రెండు గుర్తులుగా పెట్టాడు నోయె.
ట్రైలర్ కుడికి పోవాలంటే
చక్రం ఎడమకి తిప్పాలి.
నలభై నాలుగేళ్ళుగా చేతులకి తెలిసిందంతా
అక్కడ అబద్ధం.
మొదటిసారే ఒక బుట్ట పటపటమంది.
"ఎడమకి! కాదమ్మా, నీ ఎడమకి!"

మంచులో వాడు అటూ ఇటూ పరిగెత్తుతున్నాడు.
ఒకసారి కుడి అద్దంలో,
ఒకసారి ఎడమ అద్దంలో.
ఈ అద్దం నుంచి ఆ అద్దానికి దాటే మధ్యలో,
ట్రైలర్ వెనక,
వాడు ఎక్కడా లేని ఒక్క క్షణం ఉంది చూడండి,
అక్కడ బ్రేకు మీద కాలు పెట్టి
ఆగిపోయాను.

కాగితాలు డాష్‌బోర్డు అరలో ఉన్నాయి. పెన్ను కూడా.
ఎడమ అద్దంలోకి తల పెట్టి
"ఇంకోసారి," అన్నాడు వాడు,
పగిలిన బుట్టని సరిచేసి నిలబెడుతూ.