ఒంటిగొంతు హారన్

యాభై ఒకటి మోడల్ స్టూడీబేకర్.
కాన్సాస్‌లో, హట్చిన్సన్ దాటాక,
గోధుమ గాదె వెనక రేకుల షెడ్డులో
ముక్కు మొనదేల్చుకుని కూర్చుంది.
వెనక సీట్లో ముప్పై ఏళ్ళుగా కోళ్ళ కాపురం.

ఆర్డిత్ క్రోకర్ బేరమాడలేదు.
చూపు పోయిన మనిషి,
నా గొంతునే ఎగాదిగా చూసింది.
పన్నెండు వందలన్నాను. సరేనంది.
నాకే సిగ్గేసి ఇంకో వంద కలిపాను.
ఈ వ్యాపారంలో సిగ్గు ధర ఎప్పుడూ వందే.

"బాగయ్యాక ఒకసారి తీసుకురండి," అంది.
"చప్పుడు విని పంపించేస్తాను."

పద్నాలుగు నెలలు.
ఎలుకలు కొరికిన వైర్లు,
రెట్ట కింద ఇంకా సిగ్గుపడకుండా మెరిసే క్రోమ్,
సీటు విప్పితే ఒక తలపిన్నూ
గోధుమలు తూచిన రసీదూ.
తేదీ చెరిగిపోయింది, బరువు మాత్రం ఉంది.

ఎలోయ్‌కి తుప్పంటే పాత పగ.
రేకు వెనక అరచెయ్యి ఆనించి
ముందు నుంచి సుత్తితో బుజ్జగిస్తాడు,
అలిగిన పిల్లని అన్నానికి పిలిచినట్టు.
కుడి తలుపు మీద చారెడు సొట్ట.
రెండు రోజులు దాని మీదే కూర్చున్నాడు.
తర్వాత వేలితో రాస్తే
నిలవనీటి మీద రాసినట్టే.

హారన్లు రెండుండాలి, ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు.
హెచ్చుది ఎప్పుడో చచ్చిపోయింది.
ఇండియానాలో ఎవరి దగ్గరో ఉందన్నారు.
పంపిస్తానన్నాడు. పంపలేదు.

అక్టోబర్‌లో తీసుకెళ్ళాం.
ఇంజిన్ విని ఆమె తలూపింది, మర్యాదకి,
పక్కింటి మనవడి పాట విన్నట్టు.
తలుపు మీద చెయ్యి వేసింది.
కిందికి, పక్కకి, మళ్ళీ పైకి.
వెతుకుతోందని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

"సొట్ట ఏదీ?"

"తీసేశానమ్మా," అన్నాడు ఎలోయ్, ఛాతీ పొంగించి.
"అక్కడుండేదని ఎవరికీ తెలీదు."

"అవును. తెలీట్లేదు."

యాభై ఆరులో గేటుకి కొట్టిందట,
నడపడం నేర్చుకున్న రోజే.
మొగుడు తిట్టలేదట.
సొట్టలో చెయ్యి పెట్టి చూసి
"ఇక ఇది నీ బండి" అన్నాడట.

మేమిద్దరం మా బూట్లు చూసుకున్నాం.
ఒకరి పుట్టుమచ్చ చెరిపేసి
బిల్లులో రాసుకున్నాం:
సొట్ట తీత, పదహారు గంటలు.

ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది.
కూర్చుని, ఊరికే, హారన్ నొక్కింది.
బొంగురుగా, జత లేకుండా,
జలుబు చేసిన దున్నలా అరిచింది బండి.
"ఆ," అంది. "ఇది."
మళ్ళీ నొక్కింది. రోడ్డవతల కుక్క బదులిచ్చింది.
మళ్ళీ.
"చాలు. అమ్ముకోండి."

డిసెంబర్‌లో ఇండియానా నుంచి పార్సెల్ వచ్చింది.
వార్తాపత్రిక చుట్టిన హారన్, నూట నలభై డాలర్లు.
ఎలోయ్ నా వంక చూశాడు.
నేను అలమార వంక చూశాను.

తల్సా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు
టార్చి పట్టుకుని బండి కింద పడుకున్నాడు,
దవడ పళ్ళు లెక్కపెడుతున్నట్టు ప్రతి బోల్టూ చూశాడు.
హారన్ నొక్కాడు. మొహం చిట్లించాడు.
"రెండోది దొరకలేదా?"
"దొరికింది. వెయ్యను."
రెండు వందలు తగ్గించమన్నాడు.
తగ్గించాను.

ఇప్పుడు ఏ బండి వచ్చినా
ఎలోయ్ ముందు సొట్టల దగ్గర ఆగుతాడు.
చేతులు జేబులోనే ఉంచుకుని
"ఇది కొట్టిందెవరు?" అని అడుగుతాడు.
చాలామందికి గుర్తుండదు.
అప్పుడు సుత్తి తీస్తాడు.