సేరూ సోలా

గిరింపేట సందులో బొరుగుల బట్టీ కుప్పమ్మది.
నాకప్పుడు తొమ్మిదేళ్లు,
కూడబలుక్కోకుండా చదవడం వచ్చు.
పోస్టుమేన్ నాదముని సైకిలు దిగకుండానే
కవరు నా చేతిలో పెట్టి పోయేవాడు,
ఆ సందు మొత్తానికీ అక్షరమంటే నేనే అయినట్టు.

కూలి: దోసెడు బొరుగులు, గోలీకాయంత బెల్లం.

జాబులు తమ్ముడు చెంగల్రాయుడివి,
సముద్రం అవతల, సాపర్ల పటాలం నుంచి.
యుద్ధం మాట ఒక్క ముక్కా ఉండేది కాదు.

"అక్కా, ఈడ నీళ్లు పెట్రోలు కంపు కొడతాయి.
గిన్నెలు ఇసకతోనే తోముకుంటాం.
నీ బట్టీలో ఇసక తలుచుకుని నవ్వుకున్నా.
ఖర్జూరాలు తిని తిని పండ్లు జివ్వుమంటాండాయి.
మొన్న ఒక ఎండుమిరపకాయ దొరికింది.
నలుగురం పంచుకున్నాం.
తొడిమ మాత్రం నా జోబీలో ఉండాది."

కుప్పమ్మ కెలకడం ఆపేది కాదు.
కాలిన ఇసకలో బియ్యం చిటపటమని తెల్లగా లేచేవి.
మధ్య మధ్య "ఊ" అనేది, నాకో, తమ్ముడికో.

మరుసటేడు జాబుకి చలి పట్టుకుంది.
"మూడు చొక్కాలు ఒకదానిమీద ఒకటి.
ఈడొక ముసలవ్వ, ఆమె పేరుకి నా నాలిక తిరగదు,
మొక్కజొన్న పిండితో సంగటి కెలుకుతాది.
పచ్చగా, పసుపు ముద్ద మాదిరి.
తెడ్డు మన తెడ్డే.
పలక మీద కుమ్మరించి దారంతో కోస్తాది అక్కా,
కత్తి ముట్టదు.
దీనికి ఊరిబిండి ఉండాల అవ్వా అన్నా.
తెలుగు రాదు కదా పాపం,
అవునవునని తలకాయ ఊపింది."

ఆ రోజు బియ్యం కొంచెం మాడినాయి.

కొన్ని జాబుల్లో కిటికీలుండేవి.
యాడనో కుర్చీలో కూర్చున్న దొర ఒకడు
మాటలు బ్లేడుతో కోసి తీసేసినవి.
కుప్పమ్మ మసి వేలు ఆ కంతలో దూర్చి అటుపక్క ఆడించేది.
"ఈడ ఏముండిందిరా?"
నాకేం తెలుసు. బెల్లం మీద ఉంది నా చూపు.
"బాగుండాను అని రాసినాడక్కా."
ఇంకో కంత.
"అక్కడా అదే."
"అన్నిసార్లు రాసినాడా?"
"రాసినాడు."
ఆమె కాయితం మడిచి బొరుగుల డబ్బా అడుగున పెట్టేది.

యుద్ధం అయిపోయినాక ఆకుపచ్చ రేకు పెట్టెతో
చెంగల్రాయుడు రైలు దిగినాడు.
జాబుల్లో అంత వాగినోడు
గోతం మీద కూర్చుని పొయ్యి చూస్తా ఉండిపొయ్యేవాడు.
ఒక మధ్యాహ్నం నేనే అడిగినా,
కోసేసిన చోట ఏముండిందని.

"ఒకదాంట్లో వాన పడతాందని రాసినా.
వాన సంగతి రాయకూడదంట.
ఇంకోదాంట్లో ఏటి పేరు. మన నీవా అంతే ఉంటాది.
రాత్రికి వంతెన కట్టినాం, తెల్లారికి లేదు,
మళ్లీ కట్టినాం."

"మరి ఆ పెద్దది? అరచేయంత కోసింది?"

గుప్పెడు బొరుగులు తీసుకుని పొట్టు ఊదినాడు.
పొట్టంతా పోయినాక కూడా
ఊదతానే ఉన్నాడు.

కుప్పమ్మ జల్లెడ కింద పెట్టి నా వైపు తిరిగింది.
"రేయ్, వేలంత కంతకీ అదే మాట చెప్తివి,
అరచేయంత కంతకీ అదే మాట చెప్తివి.
సేరుకీ సోలకీ తేడా తెలీనిదాన్నా నేను?"

తల ఎత్తలేకపోయినా.

ఆ రోజు చదవడానికి జాబు లేదు.
అయినా దోసిలి పట్టమంది.