వంపు

కాసిమేడు సందులో మా స్టూడియో.
మౌస్ రెండుసార్లు నొక్కితేగాని మాట వినదు.

ఏటవాలు గీత నడుమ
చుక్క పెట్టి పైకి లాగాను.
అలవాటు.
ఎవరి ముఖమైనా ముందు తెలుపెక్కిస్తాను.

"పెండ్లికొడుకును చేసినావు, సరే.
నా మొగుడు యాడ?"
అంది కావమ్మ,
ఐసునీళ్ళ చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

చుక్కను దించుతూ పోయాను.
చొక్కా నీలం ముదిరింది.
వెనక పడవ మునిగినంత నల్లబడింది.
"ఇంకా. ఎండలో ఎండినోడు."

గీత
వల బరువుకు సాగిన తాడులా
కిందికి వేలాడింది.
"ఆఁ, నిలుపు."

అంతసేపూ తెలుపులో దాక్కున్న గాటు
కనుబొమ్మ పక్కన సన్నగా తేలింది.
నన్ను చూడలేదామె.
తెర మీది మనిషినే కసిరింది:
"తాగొచ్చి పడితివి గదా ఆ పొద్దు!"

సేవ్ నొక్కాను.
రెండుసార్లు.