మందు కొట్టని తోట

శామీర్‌పేట చెరువు దాటి ఎడమకు మళ్లితే
మా రాళ్లగుట్ట.
గేటు మీద రాసుంటది: ఈ తోటల మందు కొట్టం.
చదివి నవ్వని డీసీఎం డ్రైవర్ లేడు.
"మరి లోపల పీపాలల్ల ఏముందే అక్కా?"

ఉన్నదే చెప్తున్న.
పేడ, పంచితం, బెల్లం, సెనగపిండి
నీలం డ్రమ్ముల నాలుగు దినాలు మురగబెట్టి
కట్టెతోటి కుడివైపుకే తిప్పుతం.
కుడివైపే ఎందుకో నాకు తెల్వదు,
షిరీన్ మేడమ్‌కూ తెల్వదు.
బూజు తెగులొచ్చిన ఏడు సగం తీగ మాడింది.
పక్క తోట మాణిక్‌రావు పటేలు గోడ మీదికెళ్లి చూసి
"ఒక్కపాలి స్ప్రే కొట్టున్రి" అన్నడు, ప్రేమతోనే పాపం.
ఆ రాత్రి మేడమ్ టార్చిలైటు పట్టుకొని
ఆకాకునూ తిరగేసి చూసింది.
అవతల హైదరాబాదు వెలుగు
మబ్బుకు ఎర్రగ అంటుకొని ఉన్నది.
కొట్టలే.

నేను ఇంటర్ ఫేలు.
మా నాయిన నర్సాగౌడుది మోకు, ముత్తాదు, ముప్పై రెండు చెట్లు.
లొట్టి వాసన చూసి ఏ తాడుదో చెప్పేదాన్ని
చీమిడి కారే ఆరేండ్ల పిల్లను.
ఇప్పుడు నాకు నౌకరీ ఆ ముక్కే.

పోయిన పోయిన ఏడు, కలిపే దినం.
తెల్ల బల్ల మీద మూడు గ్లాసులు.
గుట్ట నెత్తి మడిల కాసిన షిరాజ్:
మిరియం, ఎండకు కాలిన బండ.
కాబర్నే: కొత్తగ వచ్చిన తాసిల్దారు లెక్క
నిటారుగ నిలవడ్డది, నవ్వదు.
గీతల గాజుగొట్టంల మేడమ్ పోస్తది, రాస్తది, ఉమ్మేస్తది.
అరవై నలభై. డెబ్బై ముప్పై.
ఏది చూసినా నడుమ ఒక సందు,
ఊడిన పన్ను కాడికి నాలుక పోయినట్టు.

మూడోది ఎవ్వరూ ముట్టలే.
అడుగు మడిల నెమళ్లు తిన్నంక మిగిలిన గుత్తులు,
పారబోయ మనసొప్పక ఏరి పెట్టినయి.
పులుపు. మొరటు. తడిసిన మట్టికుండ.
పదిల ఒక పాలు పొయ్యమన్న.
మేడమ్ నా మొఖం దిక్కు చూసింది, గ్లాసు దిక్కు చూసింది,
నోట్ల పోసుకొని
ఉమ్మెయ్య మర్చిపోయింది.

మా నాయిన గంతే చేసేటోడు.
పోతుతాడుది, పండుతాడుది ఒక్క కుండల పోసి
ఆఖరుకు గట్టు మీది గిడస చెట్టుది గిన్నెడు.
"అది లేకుంటే గొంతుల జారుతది గని
యాదికుండదు బిడ్డా."

మొన్న సీసా ఇంటికి తీస్కపోయిన.
నిరుడే మోకాళ్లు పోయినయి, మంచం దిగడు.
ముందు ఒక చుక్క నేల మీద చల్లిండు, కాటమయ్యకు.
తాగిండు. బుగ్గల తిప్పిండు.
"ఎప్పటిది?"
రెండేండ్ల కిందటిది అన్న.

పొద్దుటిది మాపటికి పులిసిపోయే బతుకు ఆయనది.
సీసాను రెండు చేతులతోటి బల్బుకు అడ్డం పట్టి
ఎంతసేపో చూసిండు.
"గప్పుడు నేనింక చెట్టెక్కుతనే ఉంటి."

ఔటర్ రింగు మీద లారీలు పోతున్నయి.
గిలాస ముందుకు జరిపి
ఇంకో జరంత పొయ్యమన్నడు.