సంచి మీద రాయనిది

మీ చెరువు నీళ్లు మంచియే అని
హనుమకొండ ల్యాబు కాయిదం.
నాలుగు తడవలు చదివిచ్చుకున్న.
మూడేండ్ల సంది పక్క చేనునే తిట్టుకుంటొచ్చిన,
వానకు గట్టు తెగి పురుగుల మందు
నా గుంటల దిగుతున్నదని
ఐలుమల్లుతోని మాట బంద్ జేసిన.

"నీళ్లు కాదు ఓదెలన్నా,
ఏం మేపుతున్నవో చెప్పు" అన్నది
ఫోన్ల నస్రీన్ మేడం.

ఏం మేపుతున్న?
పొద్దుగాల తవుడు, చెక్క.
పొద్దుమూకి సంచి మేత.
సంచి మీద చేప బొమ్మ, పండ్లు కనవడంగ నవ్వుతది.
చేపకు గన్ని పండ్లుంటయా అని మా పిల్ల అడిగింది.
ప్రోటీన్ ఇంత, కొవ్వు ఇంత, తేమ ఇంత.
ఎక్కడి ప్రోటీనో రాయలే.
పరకాల దుకాణపాయినను అడిగితే
"చేప తినేది ఉన్నది" అన్నడు.

శాయంపేట ఎర్రమట్టిల తవ్విన గుంట నాది.
సముద్రం ఎన్నడు జూడలే నేను.
అయినా సముద్రాన్ని
సంచులకు సంచులు మోసుకొచ్చి ఇండ్ల పోసిన్నట:
ఎండి పొడైన పిల్ల చేపలు,
అవి మింగిన నాచు,
ఆ నాచు మీద వాలిన
ఏ ఊరి పొయ్యిగొట్టం పొగనో.

వానకాలం షెడ్డుల పల్లి చెక్క పచ్చబూజు వట్టింది.
ఎండకు పెట్టి, దులిపి, పోసిన.
చేపకేం తెలుస్తది అనుకున్న.
తెలవాల్సింది నాకు.

ఇగ పత్తి చెక్క.
ఎనుమాముల దిక్కు మిల్లుల కొన్న.
ఆ గింజ ఎవరి పత్తిదో మిల్లాయినకు తెల్వది.
పోయినేడు మూతికి తువ్వాల గట్టి
నాలుగెకరాలకు ఏడు తడవలు మందు గొట్టి
బండెడు పత్తి అదే మార్కెట్ల అమ్మిన.
నా గింజ అండ్ల ఉన్నదో, లేదో.
ఉన్నదని ఎవ్వరు రుజువు చెయ్యలేరు.
ఆ మాటతోని నిద్ర పట్టాలె గదా,
పడ్తలేదు.

"కొన్ని మందులు నీళ్లల్ల కరగవు,
కొవ్వుల కరుగుతయి" అన్నది మేడం.
నేను చేపలు వట్టినోళ్ల ఇంట్ల పుట్టినోణ్ని.
బొచ్చెను కోస్తే కొవ్వు ఎక్కడుంటదో
కండ్లు మూసుకొని చెప్త.
ఆ పొట్టముక్క మా ఇంట్ల ఎవరికి వెడ్తం?
ఇప్పుడిప్పుడే పండ్లొస్తున్న చిన్నోనికి.
మెత్తగుంటదని.
ముండ్లు నేనే ఏరి పెడ్త.
ముల్లు కనవడ్తది.

నిన్న మాపటికి సంచి విప్పలే.
తవుడొక్కటే చల్లిన.
చేపలన్ని గట్టుకాడికొచ్చి
నోర్లు తెరిచి నిలవడ్డయి,
అప్పులోళ్ల లెక్క.

చీకటి వడ్డంక ఐలుమల్లు ఇంటికి పోదామని లేసిన.
తప్పు ఒప్పుకునేటోడు వట్టిగ పోతడా,
రెండు కిలోల బంగారుతీగ వట్టుకపోదామని
వల అందుకున్న.
చెయ్యి ఆగింది.

వట్టిచేతులతోనే పోయిన.
"ఏందిరో, తొవ్వ మర్చినవా" అన్నడు.
మంచం వాల్చిండు.
చెప్పాలనుకున్నది గొంతుల్నే ఉన్నది.
ఇద్దరం కొంచెంసేపు
చేను దిక్కు చూసుకుంట కూసున్నం.