నిద్రకొచ్చిన మనిషి

వసంతం సెలవులకి గది కావాలని ఫోన్ చేసి
ఒక్కటే అడిగింది:
"కిటికీ మూస్తే బాగా చీకటవుతుందా?"
ముప్పై ఏళ్లుగా గదులు అద్దెకిస్తున్నాను.
అందరూ అడిగేది సముద్రం కనబడుతుందా అనే.

మట్టల ఆదివారం బూర్గోస్ నుంచి దిగింది. పేరు ఇట్సియార్.
బళ్లో లెక్కలు చెబుతుందట.
గోళ్ల సందుల్లో ఇంకా సుద్దపొడి,
చేతిలో పెట్టెకంటే బరువుగా కనురెప్పలు.
తాళంచెవి అందుకుని మెట్లెక్కింది.
అంతే.

సోమవారం తలుపు తెరుచుకోలేదు.
మంగళవారం గుమ్మం ముందు పెట్టిన కాఫీ
మీగడ కట్టి అలాగే ఉంది.
పక్కన, పాలల్లో నానేసి వేయించి
తేనె పూసిన రొట్టెముక్కలు.
వాటి సంగతి చీమలు చూసుకున్నాయి.

"బతికే ఉందా ఒబ్దూలియా?" అంది రొట్టెల కొట్టు కసిల్దా.
"చెవి ఆనించి విన్నాను. గురక."
"గురకైతే భయం లేదు," వల చిరుగులు అల్లుకుంటూ
తల ఎత్తకుండా తేల్చేశాడు ఫెర్మీన్.
"పడవనైనా ఏడాదికోసారి
ఒడ్డుకి లాగి బోర్లించొద్దూ?"

నాకు మాత్రం ఒళ్లు మండింది.
ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని,
వీధంతా నారింజ పూత వాసన పెట్టుకుని
నిద్రా?
బూర్గోస్‌లో దొరకదా నిద్ర?
పగటిపూట నేను కన్ను మూసింది ఎప్పుడో
దుప్పట్లు ఆరేస్తూ గుర్తు చేసుకోబోయాను.
దుప్పట్లు అయిపోయాయి, గుర్తు రాలేదు.

బుధవారానికి
వీధి వీధంతా గొంతు తగ్గించింది.
చేపలమ్మే కుర్రాడు మా మూలకొచ్చేసరికి
స్కూటర్ ఆపి
నెట్టుకుంటూ పోతున్నాడు.
గోడకేసి బంతి కొట్టే పిల్లలు
పక్క సందుకి మారారు, ఎవరూ చెప్పకుండానే.
పవిత్ర వారం ఊరేగింపు డప్పులు ఎవరి మాటా వినవు.
అవి కూడా మా గుమ్మం దగ్గర
కాస్త మెత్తబడ్డట్టు అనిపించింది.
నా చెవులే మెత్తబడ్డాయేమో.

గురువారం సాయంత్రం దిగొచ్చింది,
దిండు గలీబు కుట్టుపూలు
చెంప మీద అచ్చు గుద్దుకుని.
"ఆకలి," అంది. గుడ్ ఈవినింగ్ కూడా లేదు.

ఇసుక నింపిన పాత పడవలో నిప్పులు రాజేసి
రెల్లుపుల్లకి గుచ్చిన సార్డిన్లు
కాలుస్తున్నాడు ఫెర్మీన్.
చేత్తోనే వలిచి, ముళ్లు పడవలోకే విసిరి,
నిమ్మరసం మోచేతి దాకా కారుతుంటే
లెక్కలు చెప్పే మనిషి
లెక్క పెట్టకుండా తింది.
నేను పెట్టాను. పదిహేడు.

తర్వాత చెప్పులు విప్పి నీళ్లలోకి నడిచి
ఒక్క కేక పెట్టింది చూడు!
ఏప్రిల్ నీళ్లు మరి, మంచుకి మేనత్తలు.
ఆ కేకతో వీధి గొంతు తిరిగొచ్చింది.
స్కూటర్ దడదడ, బంతి ధనధన,
కసిల్దా ఎవరినో తిట్టడం.

ఈస్టర్ నాడు బస్సు దగ్గర అడిగాను:
"సముద్రాన్ని సరిగా చూడనే లేదు కదమ్మా?"
"చీకట్లో మూడు రోజులు విన్నాను,
చాల్లెండి," అంది.
టికెట్ ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటూ.

గది సర్దుదామని పైకెళ్లాను.
కిటికీ కిందకి దించాను,
నిజంగా చీకటవుతుందో లేదో చూద్దామని,
అంతే.
మంచం అంచున కూర్చున్నాను,
చెప్పు పట్టీ సరిచేసుకుందామని.

తలుపు తీసేసరికి
గుమ్మం ముందు కాఫీ, మీగడ కట్టి.
కింద వీధిలో
ఎవరో స్కూటర్ నెట్టుకుంటూ పోతున్నారు.