తామర, రెండర్థాలు

దీపావళికి ముందు నాలుగు రోజులు
దామెర చెరువు ఓదెలుది.
తక్కిన ఏడాదంతా సొసైటీది, కొంగలది.

లారీ ట్యూబు మీద గంప పెట్టుకొని
ఛాతీలోతు నీళ్లలో
కాడ మొదలును కాలి బొటనవేలితో వెతుకుతాడు.
కాడకు ముళ్లుంటాయని
నేను చదివిన ఏ పద్యమూ చెప్పలేదు.
అతని ముంజేతుల మీది గీతలు చెప్పాయి.

నేను బళ్లో తెలుగు చెప్పినవాణ్ణి.
పంకజం, బురదలో పుట్టింది.
నీరజం, నీళ్లలో పుట్టింది.
సరోజం, కొలనులో.
ఎనిమిదో తరగతి, పర్యాయపదాలు, రెండు మార్కులు.
ముప్పయ్యేళ్లు పూవు పుట్టిన ఊరు రాయించి
పేరు రాయించాననుకున్నాను.

"జెలగ గూడ నీళ్లల్లనే పుట్టె గద సారూ,
దాన్నెందుకు అనరు నీరజమని?"
పూల మీద తడిగోనె కప్పుతూ ఓదెలు.
యోగరూఢి అనబోయి
హన్మకొండ బస్సు వస్తోందన్నాను.

ఆ రాత్రి నిఘంటువు తీశాను.
సంస్కృతంలో తామరసమనే మాటుంది.
తామ్రం నుంచి, రాగి ఎరుపు నుంచి వచ్చిందని ఒకరు.
కాదు, మన తామరే గట్టెక్కి
ఒక తోక తగిలించుకొని అక్కడ కూర్చుందని మరొకరు.
నాకు రెండోదే నచ్చింది.
నచ్చినంత మాత్రాన నిజమవుతుందా.
తామర మెత్తబడి దామెర అయిందేమో అని కూడా
నిద్రపట్టక అనుకున్నాను, రుజువేమీ లేదు.

అదే పేజీలో, కింద,
రెండు అని అంకె వేసి:
ఒక చర్మరోగము.

కార్తీకంలో ఎంజీఎం ఓపీ వరసలో కనిపించాడు,
లుంగీ మోకాళ్ల పైకి కట్టి.
పిక్కల మీద గుండ్రంగా, అంచులు ఎర్రగా,
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ,
గాలి లేని పూట
నీటి మీద ఆకులు పరుచుకున్నట్టు.
"ఏం రాసిండు సారూ?"
చీటీ ఇంగ్లీషులో ఉంది.
తామర, అన్నాను.

వరసంతా తిరిగి చూసేలా నవ్వాడు.
"అమ్మిన కాడికి అమ్మిన,
మిగిలింది ఒంటికి తెచ్చుకున్న."

సంచీలోంచి ఒక కాయ తీసి చేతిలో పెట్టాడు.
గింజ ఒలిచి తినాలట.
మధ్యలో పచ్చటి మొలకుంటుంది,
అది తీసెయ్యమన్నాడు, చేదట.

తియ్యకుండా తిన్నాను.
ఆ మొలకకు పేరేమిటని
ఇంకా ఏ పుస్తకంలోనూ వెతకలేదు.